నిండు రక్తం

మేస్త్రీకి జలుబు చేయగా చూసినవాళ్ళు ఆ లాండ్రీలో ఎవరూ లేరు. ఆ సంగతి ఆయన ఎవరినీ మరిచిపోనిచ్చేవాడూ కాదు. వానలో తడిసి వచ్చి అలాగే ఆవిరి గదిలో నిలబడేవాడు. ఆవిరి గదిలో కారిన చెమటతోనే బయటికెళ్ళి చలిగాలిలో నిలబడేవాడు. ఎవడైనా ముక్కు చీదితే, వాడేదో జేబులో వేసుకుని దొరికిపోయినట్టు మెడ తిప్పి చూసేవాడు. "ఒళ్ళంటే ఇదిరా" అని గుండె మీద చరుచుకునేవాడు. "మీవీ ఉన్నాయి, పిండి బొమ్మలు." పనివాళ్ళు ఆయనకు ఉక్కుపిండం అని పేరు పెట్టారు. వెక్కిరించడానికే పెట్టారు గానీ ఆయన దాన్ని బిరుదులా పుచ్చుకున్నాడు.

ఆ లాండ్రీ జ్వరాల ఆసుపత్రి వెనక ఉండే పొడవాటి రేకుల షెడ్డు. షెడ్డు మధ్యలో గోడ. గోడకు అవతలిది లోపలి గది, ఇవతలిది బయటి గది. వార్డుల్లోంచి రక్తం, వాంతి అంటిన దుప్పట్లు మూటలుగా లోపలి గదికి వస్తాయి. అక్కడ ముడి విప్పి, గుడ్డ గుడ్డా విదిలించి, మధ్యలో సూదో కత్తెరో ఉండిపోయిందేమో చూసి, గోడలో బిగించిన పెద్ద మిషన్లలో వేయాలి. ఆ మిషన్లకు రెండు మూతులు. మురికి గుడ్డ అటు మూతిలోంచి వెళ్ళి, ఉతికిన గుడ్డగా ఇటు మూతిలోంచి వస్తుంది. మనుషులు రావడానికీ పోవడానికీ మాత్రం ఉన్నది ఒక్క ఇనప తలుపు. దానికి ఒకప్పుడు లోపలివైపు కూడా పిడి ఉండేది. పనివాళ్ళు బీడీకని, మంచినీళ్ళకని మధ్యమధ్యలో బయటికి జారుకుంటున్నారని మేస్త్రీ దాన్ని పీకించేశాడు. ఇప్పుడు లోపలివాడు తలుపు కొట్టాలి, బయటివాడు తీయాలి. తీసే ముందు మేస్త్రీ ఒక మాట అడుగుతాడు.

"మూటలయ్యాయా?"

కాలేదంటే తలుపు తీయడు. చేతులు కడుక్కునే మందునీళ్ళ తొట్టి కూడా పూటకొకసారే నింపాలని ఆయనే రూలు పెట్టాడు. నింపుతూ పోతే చేతులు కడుక్కుంటూనే కూర్చుంటారని ఆయన భయం.

ఆ ఏడు కొత్త జ్వరం వచ్చింది. ముందు కళ్ళు ఎర్రబడేవి, తర్వాత చిగుళ్ళలోంచి రక్తం కారేది, ఆ తర్వాతివి చెప్పుకునే సంగతులు కావు. రోగి రక్తం చిన్న గీరుడు మీద పడినా చాలు, అంటుకునేది. అంటుకున్నవాళ్ళలో సగం మంది ఇంటికి తిరిగి వెళ్ళలేదు. జ్వరం తగ్గేదాకా ఆసుపత్రిలో ఎవరికీ రాజీనామాలు లేవని, పారిపోతే పోలీసులు పట్టుకొస్తారని పైనుంచి ఆర్డరు వచ్చింది. పోలీసుల దాకా ఎందుకని, బస్టాండుకు చేరిన ఒకణ్ణి మేస్త్రీయే కాలరు పట్టుకుని వెనక్కి తెచ్చాడు.

లోపలి గదిలో బట్టతల మనిషొకడు పనిచేసేవాడు. నెమ్మదస్తుడు. ఒకరోజు సాయంత్రం తలుపు బాదాడు.

"మూటలయ్యాయా?" అన్నాడు మేస్త్రీ.

"రెండున్నాయి మేస్త్రీగారూ. గ్లోవు చిరిగింది. తొట్టిలో నీళ్ళు అయిపోయాయి. చెయ్యి కడుక్కుని వచ్చి చేస్తాను."

"రెండే కదా. కానిచ్చి రా."

కానిచ్చి వచ్చాడు. పక్షం తిరక్కుండానే పోయాడు. మేస్త్రీకి బాధ కలగలేదని అంటే అబద్ధమాడినట్టే. కలిగింది. ఒక పూట అన్నం సయించలేదు. రెండో పూట రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఆయన ఉండేది షెడ్డు పక్కనే ఉన్న క్వార్టర్లో. భార్య, భార్య తమ్ముడు, తను. పిల్లల్లేరు. బావమరిదికి ముప్పై దాటాయి. ఎక్కడా నిలవలేక అక్క పంచన చేరాడు. బావే లాండ్రీలో పనిప్పించాడు, ఆ పనిప్పించిన సంగతి రోజూ పొద్దున కాఫీతో పాటు గుర్తు చేసేవాడు. బట్టలు ఆరబెట్టే మిషన్ల జల్లెళ్ళకు పట్టే నూలు నూగును దులపడం అతని పని. బూడిదరంగు నూగు దొంతర్లుగా వచ్చేది. అతను దులుపుతూ తుమ్మేవాడు, తుమ్ముతూ దులిపేవాడు. ఇంటికొచ్చాక కూడా కాసేపు తుమ్మేవాడు. లాండ్రీలో అతనికి పెట్టిన పేరు తుమ్ములోడు.

"నీ ముక్కు మా ఇంటి గడియారంరా" అనేవాడు మేస్త్రీ. "లోకంలో ఉన్న జలుబులన్నీ నీ ఒంట్లోనే కాపురం పెట్టాయి."

అతను నవ్వి ఊరుకునేవాడు. అక్క మాత్రం నవ్వేది కాదు. "ఏమండీ, తినేటప్పుడైనా వాణ్ణి వదిలెయ్యండి" అనేది.

బట్టతల మనిషి పోయాక లోపలికి వెళ్ళడానికి ఎవడూ ఒప్పుకోలేదు. మేస్త్రీ అరిచాడు, బెదిరించాడు. చివరికి చీట్లు వేసి, చీటీ వచ్చినవాణ్ణి తోసి తలుపేశాడు. అలా ఉండగా టీకా వచ్చింది. దాంతోపాటు ఒక డాక్టరమ్మ వచ్చింది. సన్నటి మనిషి, కళ్ళ కింద నలుపు, ఎవరి మాటకూ తొందరగా తల ఊపే రకం కాదు. పనివాళ్ళందరినీ ఉతికిన దుప్పట్ల గుట్టల మధ్య కూర్చోబెట్టి చెప్పింది.

"ఈ టీకాలో మందును ఒంట్లోకి మోసుకెళ్ళేది ఒక జలుబు వైరస్. భయపడకండి, దాని కోరలు పీకేశారు. కబురు అందించే మనిషి లాంటిది. లోపలికి వెళ్ళి, ఈ జ్వరం ఇలా ఉంటుంది, జాగ్రత్త అని మీ ఒంటికి చెప్పి తన దారిన తను పోతుంది. చిక్కెక్కడంటే, ఆ జలుబు మీలో కొందరికి ఎప్పుడో వచ్చి ఉంటుంది. అప్పుడు మీ ఒంటికి ఆ మనిషి ముఖం గుర్తే. కబురు తెచ్చాడని చూడదు. గుమ్మంలోనే పట్టుకుని ఉతికి ఆరేస్తుంది. కబురు లోపలికి చేరదు, టీకా వేసుకున్నా వేసుకోనట్టే."

"ఉతికి ఆరేయడం మా ఒళ్ళకి కూడా వచ్చన్నమాట" అన్నాడు ఇస్త్రీ చేసే ముసలాయన. అందరూ నవ్వారు.

డాక్టరమ్మ కూడా కొంచెం నవ్వింది. "అందుకే ముందు రక్తం తీసి చూస్తాం. ఆ జలుబును పట్టుకునే యాంటీబాడీలు లేకపోతే ఖాళీ అంటాం. వాళ్ళకి టీకా పడుతుంది. వాళ్ళే వంతులవారీగా లోపలి గదిలో చేయాలి. యాంటీబాడీలు ఎక్కువుంటే నిండు అంటాం. వాళ్ళకి టీకా సరిగ్గా పనిచేయకపోవచ్చు. వాళ్ళు బయటే ఉంటారు, వేరే రకం టీకా వచ్చేదాకా."

"చేయకపోవచ్చు అంటే, చేయనూవచ్చుగా?" అన్నాడు ఎవరో.

"చేయనూవచ్చు. కానీ ఆ 'వచ్చు'ను నమ్ముకుని నేనెవర్నీ లోపలికి పంపను."

నిండు మంచిది కాదు, ఖాళీ మంచిది అని పనివాళ్ళకు అర్థం కావడానికి ఆ పూటంతా పట్టింది. అర్థమయ్యాక మళ్ళీ తిరగబడింది. టీకా పట్టే ఖాళీవాడు లోపలికి పోవాలి, పట్టని నిండువాడు హాయిగా బయట ఉంటాడు. ఇక ఖాళీ ఎవడిక్కావాలి? సాయంత్రానికి ఒక్కొక్కడూ తన చిన్నప్పటి జలుబులు ఏకరువు పెడుతున్నాడు. ఎందుకైనా మంచిదని మేస్త్రీ వెళ్ళి డాక్టరమ్మకు చెప్పి వచ్చాడు. "రేపు సూది పడ్డాక ఒక్కొక్కడూ ఒక్కో కథ చెబుతాడమ్మా. నాకు గుండెదడ అంటాడు, మా ఆవిడ కడుపుతో ఉందంటాడు. ఒక్కటీ నమ్మొద్దు. సాక్ష్యం లేని మాట వినకండి." డాక్టరమ్మ ఆ మాటకు తల ఊపింది.

తల ఊపించి వచ్చిన మేస్త్రీ ఆ రాత్రి నిద్రపోలేదు. ఎందుకంటే, ఆ లాండ్రీలో అందరికన్నా ఖాళీ రక్తం ఎవరిదో ఆయనకు తెలుసనుకున్నాడు. పుట్టి బుద్ధెరిగి తుమ్మని మనిషి తనే. టీకా ఉన్నా లేకపోయినా ఆ ఇనప తలుపుకు అవతల నిలబడటం ఆయనవల్ల కాదు. ఆ గది ఎలాంటిదో ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. పిడి పీకించింది ఆయనే కదా.

మర్నాడు పొద్దున నూగు దులుపుతున్న బావమరిదిని ఆరబెట్టే మిషను చాటుకు పిలిచాడు.

"రక్తం తీసేవాళ్ళు బయటినుంచి వస్తున్నారు. మనవాళ్ళలో ఎవరెవరో వాళ్ళకు తెలీదు. ప్లాస్టిక్ తెరకి కన్నం పెట్టి, అందులోంచి చెయ్యి పెట్టమంటారట. ముఖం చూడరు. కోటు మీద నంబరు చూసి సీసా మీద రాసుకుంటారు. నా కోటు నువ్వు వేసుకో, నీది నేను వేసుకుంటాను."

బావమరిది కాసేపు నూగు చీపురు వంక చూశాడు. "అప్పుడు నా రక్తం మీ నంబరు మీద నిండని వస్తుంది."

"వస్తుంది."

"మీ రక్తం నా నంబరు మీద ఖాళీ అని వస్తుంది. నన్ను లోపలికి పంపుతారు."

"టీకా వేశాకే పంపుతారుగా."

"నా ఒంట్లో నిజంగా నిండుగా ఉంటే ఆ టీకా పట్టదు కదా బావా."

మేస్త్రీ అతని ముఖంలోకి చూడకుండా మిషను అద్దంలోకి చూశాడు. లోపల తెల్లటి దుప్పట్లు ఎగిరి పడుతున్నాయి. ఆయన అంతా ఆలోచించుకునే వచ్చాడు. ఎవరు బయట మిగులుతారో, ఎవరు లోపల పోతారో, పోయాక భార్యను ఎలా ఓదార్చాలో కూడా.

"ఎక్కువ ఆలోచించకు. నువ్వు తింటున్నది ఎవరి తిండి? పడుకుంటున్నది ఎవరి ఇంట్లో? కాదంటే ఇవాళే బట్టలు సర్దుకో. నీతోపాటు మీ అక్కనీ సర్దుకోమను."

అక్క మాట రాగానే అతను తల దించుకున్నాడు.

"ఎవరడిగినా ఏమనాలి?" అన్నాడు మేస్త్రీ.

"ఏమనాలి?"

"నాకేం తెలీదండి అనాలి. అను."

"నాకేం తెలీదండి."

"నేనే వచ్చి అడిగినా అదే అనాలి. నేను పరీక్షిస్తానేమో నీకేం తెలుసు. ఇంకోసారి అను."

"నాకేం తెలీదండి" అని, తుమ్మాడు.

కోట్లు మార్చుకున్నారు. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసిన తెల్ల కోట్లు. ఆ చోట మనిషికన్నా కోటు గొప్పది. ముక్కుకీ మూతికీ మాస్కు, తలకు టోపీ. తెరలోంచి ఒక చెయ్యి పోయింది, సూది గుచ్చారు, నంబరు పిలిచారు. ఇంకో చెయ్యి పోయింది. అయిపోయింది.

ఫలితాలు వచ్చిన రోజు డాక్టరమ్మ పేర్లు పిలవకుండా నంబర్లు పిలిచింది. బావమరిది నంబరు రాగానే కనుబొమలు ఎగరేసింది. "నిండు. ఇంత నిండుగా నేనెక్కడా చూడలేదు."

"మరి తుమ్ములోడా మజాకా" అన్నాడు ఇస్త్రీ ముసలాయన.

తర్వాత మేస్త్రీ నంబరు వచ్చింది. "ఖాళీ. చుక్క కూడా లేదు."

"ఉక్కుపిండం కదండీ" అన్నారెవరో. అనుకున్నదే అయిందని అందరూ తలలు ఊపారు. అనుకోనిది ఆ గదిలో ఇద్దరికే జరిగింది.

మేస్త్రీకి మొదట కోపం వచ్చింది. ఈ వెధవ కోటు మార్చుకోకుండా నాటకమాడాడనుకున్నాడు. కానీ అతనికి తన కోటు తొడిగి గుండీలు పెట్టింది తనే. అయితే రక్తం తీసినవాళ్ళే సీసాలు తారుమారు చేసి ఉంటారనుకున్నాడు. తను మార్చినదాన్ని వాళ్ళు మళ్ళీ మార్చారు, లెక్క సరిపోయింది. తన రక్తం ఖాళీయే, టీకా పడుతుంది. లోపలికి వెళ్ళాల్సిందే గానీ చావు తప్పింది. ఆ ధైర్యంతోనే చొక్కా చెయ్యి పైకి మడిచాడు. డాక్టరమ్మ సూది వేసి దూది అదిమింది.

"ఒక మాటమ్మా" అన్నాడు మేస్త్రీ, ఊరికే అడుగుతున్నట్టు. "ఎప్పుడూ తుమ్మేవాడికే కదా నిండుగా ఉండేది?"

"అలాగేం లేదు. ఈ నూగులో పనిచేస్తే ఎవరైనా తుమ్ముతారు. అది ఎలర్జీ. దానికీ వైరస్‌కీ సంబంధం లేదు."

"మరి పుట్టాక జలుబే ఎరగనివాడికి?"

"వాళ్ళ ఒంట్లో ఒక్కోసారి నిండి పొంగుతూ ఉంటుంది" అంది డాక్టరమ్మ, సూదిని డబ్బాలో పడేస్తూ. "పసితనంలో వచ్చి ఉంటుంది. ఒళ్ళు గట్టిదైతే చప్పుడు లేకుండా గెలిచేస్తుంది, ఆ మనిషికే తెలియదు. ఆ తర్వాత అది ఎన్నిసార్లు వచ్చినా గుమ్మంలోనే తన్ని పంపుతుంది. మనం మాత్రం నాకు జలుబే చేయదు అని చెప్పుకు తిరుగుతాం."

మేస్త్రీ దూది పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. వెనకవాడు "జరగండి మేస్త్రీగారూ" అంటే జరిగాడు. తన ఒంటి మీద తను కొట్టుకున్న గొప్పలన్నీ ఆయన చెవుల్లో మోగాయి. సీసాలు ఎవరూ మార్చలేదు, బావమరిది నంబరు మీద నిండని వచ్చిన రక్తం తనదే. అంత గట్టి ఒళ్ళు. ఈ క్షణాన ఆ ఒళ్ళు టీకాను గుమ్మంలో పట్టుకుని ఉతికి ఆరేస్తోంది.

టీకా పట్టడానికి కొన్ని వారాలు గడువిచ్చారు. ఆ వారాల్లో మేస్త్రీ ఒక్క 'వచ్చు' మీద బతికాడు. పనిచేయకపోవచ్చు, అంటే చేయనూవచ్చు. పొద్దున లేచినప్పుడు చేయవచ్చు అనిపించేది, మధ్యాహ్నానికి చేయకపోవచ్చు అనిపించేది. ఈలోగా వేరే టీకా రావచ్చు, జ్వరం తగ్గవచ్చు. ఏదీ రాలేదు, తగ్గలేదు. గడువు దగ్గర పడ్డాక ఒకరోజు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని భార్యకు చెప్పేశాడు. బావమరిది వంటింటి గుమ్మం దగ్గర మంచినీళ్ళు తాగుతున్నాడు.

అంతా చెప్పలేదు. కోట్లు మారాయని చెప్పాడు. టీకా తనకు పట్టలేదని చెప్పాడు. "నువ్వు చెబితే వాడు వింటాడు. డాక్టరమ్మ దగ్గరికొచ్చి ఒక్క మాట నిజం చెప్పమను. వాడికే నష్టం లేదు. వాడి రక్తం ఖాళీ కదా, టీకా వేస్తే శుభ్రంగా పడుతుంది. లోపలికి వెళ్ళినా వాడికేం కాదు."

ఆమె గరిటె గిన్నెలో పెట్టింది. "కోట్లు ఎందుకు మార్చారు?"

"ఎందుకేమిటి. వాడి రక్తం నిండనుకున్నాను."

"వాడి రక్తం నిండనుకుని, వాడికి టీకా పట్టదనుకుని, వాణ్ణి లోపలికి పంపబోయారు."

ఆమె గొంతు పెంచలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె నోటినుంచి మీరు తప్ప వేరే మాట రాలేదు. అది ఆ మధ్యాహ్నం వచ్చింది.

"అన్నం తిను" అంది. "చల్లారిపోతోంది. గట్టి ఒళ్ళు నీది. తిండి లేకపోతే ఎలా?"

ఆమె లేచి వెళ్ళి తమ్ముడి చేతిలోని ఖాళీ గ్లాసు తీసుకుంది. దానిలో మళ్ళీ నీళ్ళు పోసి అతనికే ఇచ్చింది. ఆ తర్వాత ఆ ఇంట్లో మేస్త్రీకి అన్నీ వేళకు అందాయి. అన్నం, కాఫీ, ఉతికిన బట్టలు. మాట మాత్రం అందలేదు.

ఆ సాయంత్రమే బావమరిదిని రెక్క పట్టుకుని డాక్టరమ్మ గదికి లాక్కెళ్ళాడు. ఆమె ఏదో తింటూ ఉంది, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది. మేస్త్రీ నిలబడే అంతా చెప్పాడు. ఈసారి నిజంగా అంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ చెమట తుడుచుకున్నాడు. మళ్ళీ రక్తం తీసి చూడమన్నాడు.

"ఇప్పుడు చూస్తే ఏం తెలుస్తుంది?" అంది డాక్టరమ్మ. "టీకాలోనే ఆ వైరస్ ఉంది. అది ఒంట్లోకి వెళ్ళాక ఎవరి రక్తమైనా నిండుగానే కనిపిస్తుంది."

"పోనీ జ్వరం మీద రక్షణ వచ్చిందో లేదో చూడండి."

"ఆ పరీక్ష ఇక్కడ లేదు, బయటికి పంపాలి. అందరూ అదే అడుగుతున్నారు. నిన్న ఒకడు తనకు మూర్ఛలున్నాయన్నాడు, మొన్న ఒకడు తన బదులు తమ్ముడు రక్తమిచ్చాడన్నాడు. ఆ తమ్ముణ్ణి పిలిస్తే వాడు ఆ రోజు ఊళ్ళోనే లేడు. సాక్ష్యం లేని మాట వినొద్దని నాకు చెప్పింది మీరే." ఆమె బావమరిది వైపు తిరిగింది. "నువ్వు చెప్పు బాబూ. మీరిద్దరూ కోట్లు మార్చుకున్నారా? అవునంటే ఇద్దరినీ ఆపేస్తాను, ఇద్దరి రక్తం పంపిస్తాను."

మేస్త్రీ బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు. అంత మెత్తగా ఆ భుజాన్ని ఆయన ఎప్పుడూ తాకలేదు. "చెప్పరా. నిజం చెప్పు. నేనేమీ అనను."

బావమరిది ఆయన ముఖంలోకి చూశాడు. పాఠం అప్పజెప్పే పిల్లాడిలా చేతులు కట్టుకున్నాడు.

"నాకేం తెలీదండి" అన్నాడు.

"ఒరేయ్, ఇది పరీక్ష కాదురా. నిజంగానే అడుగుతున్నాను."

"నాకేం తెలీదండి."

డాక్టరమ్మ నిట్టూర్చింది. మేస్త్రీ వంక అసహ్యంగా చూడలేదు, జాలిగా చూసింది. మేస్త్రీకి అదే ఎక్కువ మంట పుట్టించింది. "భయం అందరికీ ఉంటుంది" అందామె. "మీ రక్తం ఖాళీగా వచ్చింది, టీకా పడింది. మీరే భయపడితే మిగతావాళ్ళు ఏమైపోతారు? ధైర్యంగా వెళ్ళండి."

మేస్త్రీ లోపలికి వెళ్తే బయట తలుపు దగ్గర ఎవరుండాలన్న ప్రశ్న వచ్చింది. నిండు రక్తం వాళ్ళలో తగాదాలకు పోనివాడు, చెప్పినమాట పొల్లుపోకుండా చేసేవాడు ఒక్కడే కనిపించాడు డాక్టరమ్మకు. నూగు దులిపే పని ఇంకొకరికిచ్చి తుమ్ములోణ్ణి తలుపు దగ్గర నిలబెట్టారు. అతను రూళ్ళేవీ మార్చలేదు. మేస్త్రీ పెట్టినవన్నీ అలాగే ఉంచాడు. తొట్టి పూటకొకసారే నింపాడు.

మేస్త్రీ వంతు వచ్చిన రోజు భార్య కోటు ఇస్త్రీ చేసి బల్ల మీద పెట్టింది. ఆయనదే కోటు, ఆయనదే నంబరు. షెడ్డులో బావమరిది ఆయనకు రెండు జతల గ్లోవులు తొడిగాడు, కళ్ళద్దాలు పెట్టి మాస్కు తాళ్ళు బిగించాడు, మణికట్ల దగ్గర టేపు చుట్టాడు. చేతులు శుభ్రంగా, ఓపిగ్గా పనిచేశాయి. మేస్త్రీ నెమ్మదిగా, ఇంకెవరికీ వినపడకుండా అడిగాడు.

"మీ అక్క చెప్పిందా అలా అనమని?"

"అక్క ఏం చెప్పలేదు బావా. మీరు చెప్పిందే."

తలుపు మూసుకుంది. లోపలివైపు పిడి ఉండాల్సిన చోట నాలుగు మరమేకుల కన్నాలు కనిపించాయి.

మూటలు గోడవారన వరసగా పడి ఉన్నాయి. కొన్ని ఇంకా తడిగా ఉన్నాయి. మేస్త్రీ మొదటి మూటను, అందులోంచి పసిపిల్లను తీస్తున్నంత జాగ్రత్తగా విప్పాడు. రెండోది కూడా అలాగే. చేయవచ్చు, అనుకున్నాడు. మూడో మూటకి కొంచెం ధైర్యం వచ్చింది. టీకా పట్టి ఉండవచ్చు. డాక్టరమ్మ అంత చదువుకుంది, పడిందని అందిగా. కళ్ళద్దాలకు ఆవిరి పట్టింది. తుడుచుకోవడానికి వీల్లేదు. ఇంకో మూట ముడి విప్పి దుప్పటి అంచు పట్టుకుని విదిలించాడు.

మడతలో ఇరుక్కున్న చిన్న కత్తెర, కుట్లు కత్తిరించేది, విదిలింపుకు ఎగిరొచ్చి అరచేతి పక్కన దిగింది. పెద్దగా నొప్పి లేదు. రెండు గ్లోవులూ తెగి సన్నటి ఎర్రటి నోరు తెరుచుకుంది. కత్తెర అంచున వేరొకరి రక్తం నల్లగా ఎండి ఉంది.

మేస్త్రీ తొట్టి దగ్గరికి పరిగెత్తాడు. అడుగున అరచేతి లోతు నురగ తప్ప ఏమీ లేదు. ఇదే పూట తనకు ముందు పనిచేసినవాళ్ళు వాడుకుని పోయారు. మళ్ళీ నింపేది వచ్చే పూటకే.

రెండో చేత్తో తలుపు బాదాడు. పిడికిలితో, తర్వాత మోచేత్తో.

"ఒరేయ్, తలుపు తియ్యి. గ్లోవు తెగింది. చెయ్యి తెగిందిరా."

అవతల ఒక తుమ్ము. వెంటనే ఇంకొకటి. ముక్కు తుడుచుకున్న చప్పుడు.

"మూటలయ్యాయా, బావా?"

ఆ గొంతులో కోపం లేదు, వెక్కిరింపూ లేదు. ఎవరో నేర్పిన మాటను నేర్పినట్టే పలికిన గొంతు అది. మేస్త్రీ వెనక్కి తిరిగి చూశాడు. గోడవారన ఇంకా సగం మూటలున్నాయి. గ్లోవులో వెచ్చగా ఏదో వేళ్ళ చివరలకు జారుతోంది. అది తన రక్తమో దుప్పటిదో ఆయనకు తెలియలేదు.

అబద్ధం చెప్పొచ్చు. అయ్యాయనొచ్చు. కానీ అయ్యాయని ఎవడైనా అంటే మిషన్ల బయటి మూతిలోంచి వచ్చిన గుడ్డల లెక్క చూసుకున్నాకే తలుపు తీయాలని కూడా ఆయనే నేర్పాడు.

"కాలేదు" అన్నాడు.

"కానిచ్చి రండి" అంది అవతలి గొంతు.

మేస్త్రీ గోడవారకు వెళ్ళి వంగి, తెగిన చేతిని కోటుకు తుడుచుకుని, తర్వాతి మూట ముడి విప్పాడు.